కప్పుకున్న గొంగళ్ళు

చలి ఎప్పుడు మొదలైందో తెలుసుకోవడానికి నేను పంచాంగం చూడను. ధవళేశ్వరం లాకుల దగ్గర పడవవాళ్ళు పొద్దున్నే నీళ్ళలో దిగడానికి ‘నువ్వు దిగు’ అంటే ‘నువ్వే దిగు’ అని వాదులాడుకుంటే చలి వచ్చినట్టు. ఆ రోజు నుంచి గొంగళి ధర కదులుతుంది.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. ఆ ఏడు కార్తీకంలో, జంగారెడ్డిగూడెం అవతలి మెట్ట ఊళ్ళ నుంచి గొంగళ్ళు దించుకున్నాను. ముప్ఫై అమ్మకానికి, ఒకటి తరుగు కింద. దారిలో ఎలకో నిప్పురవ్వో ఏదో ఒకటి పాడు చేస్తుంది కాబట్టి ఒకటి ఎక్కువ కొనడం మా నాన్ననాటి పద్ధతి. నల్లటి ఉన్ని, చింతగింజల గంజి పట్టించిన నేత. మడత విప్పి నిలబెడితే తలుపు రెక్కలా నిలబడేవి.

దించిన వారానికే కోనసీమ నుంచి వెంకటరాజుగారి గుమాస్తా వచ్చాడు. రాజుగారికి మూడు ఊళ్ళలో పొలాలు. కోతలయ్యాక వరి కుప్పలు కళ్ళంలో ఉన్నన్నాళ్ళూ పాలేర్లు అక్కడే పడుకుని కాపలా కాస్తారు. వాళ్ళలో ప్రతివాడికీ ఒక కొత్త గొంగళి పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. గుమాస్తా రెండు రూపాయల చొప్పున మొత్తం ఇమ్మన్నాడు. నేను ఇవ్వలేదు. కోతలు ముగిసి చలి ముదిరితే, అదే గుమాస్తా వచ్చి రెండున్నరకు పట్టుకుపోతాడని నా లెక్క. ఆ గొంగళ్ళొక్కటే కాదు. ఆ ఇంటికి ఏడాది పొడవునా బెల్లం, చింతపండు, నూనె, మిరపకాయలు మా దుకాణం నుంచే వెళ్ళేవి. మా ఇంటి పొయ్యి వెలిగేది సగం ఆ ఒక్క వాడిక మీదే.

అందుకని ఆ చలికాలం నాకు రెండు లెక్కలు నడిచాయి. దుకాణంలో చలి పెరిగితే లాభం. ఇంట్లో చలి పెరిగితే ఖర్చు. దుకాణంలో పుట్టే లాభాన్ని ఇంట్లో పుట్టే ఖర్చు మింగెయ్యకుండా చూసుకోవాలి.

చూసుకున్నాను. పొద్దు వాలకముందే భోజనాలు కానిచ్చేస్తే వంటింట్లో దీపం అక్కర్లేదు. చలిలో అన్నం పులిసిపోదు, కాబట్టి ఒక పూట వండితే రెండో పూట చద్దన్నం. నీళ్ళు ఒక్కసారే కాచి, ముందు అమ్మ, తరవాత పిల్లలు, ఆఖరున నేను. కట్టెలు అమ్ముకోవడానికి, పొయ్యిలోకి పిడకలు, కుంపట్లోకి ఊక. బియ్యం దంచే ఇళ్ళలో ఊక ఊరికే వస్తుంది, మోసుకొచ్చే శ్రమే ఖరీదు. తెల్లారాక ఆ బూడిద అంట్లు తోమడానికి. సాయంత్రం పిల్లలు ఆకలంటే ఆ ఊక నిప్పులోనే తాటి తేగలు కాల్చుకుని పీచు నములుతూ కూర్చునేవాళ్ళు. తేగలు తింటే కడుపు నిండుతుంది, నోరు పనిలో ఉంటుంది, అడగడం తగ్గుతుంది.

కప్పుకోవడానికి పాత చీరలు కలిపి కుట్టిన బొంతలు రెండు. అమ్మకూ చిన్నవాడికీ ఒకటి, నా భార్య వెంకటరత్నమ్మకూ పిల్లకూ ఒకటి. నేను దుకాణంలో బస్తాల మధ్య పడుకుంటాను. దొంగల భయం ఒక కారణం, మూడో బొంత అక్కర్లేకపోవడం ఇంకో కారణం.

మార్గశిరం వచ్చాక వెంకటరత్నమ్మ అడిగింది.

“ఏమండీ, అత్తయ్యగారికి తెల్లవారుజామున పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయండి. మన ఇంటి అటక మీద అన్ని గొంగళ్ళున్నాయి కదా, ఒక్కటి దింపుకుంటే?”

“దింపుకుంటే అది గొంగళి కాదు, కప్పుకున్న గొంగళి. సగం ధర పోతుంది.”

“ఒక్కటేనండీ.”

“ఇవాళ ఒక్కటి. రేపు పిల్లకొకటి. దుకాణంలో సరుకు దుకాణానిదే, రత్నం. చెయ్యి పెట్టామంటే ఆగదు.”

మా అమ్మ కుంపటి దగ్గర నుంచే అంది, “పోన్లే అమ్మాయ్. వాళ్ళ నాన్న కూడా ఇంతే. ఉప్పు బస్తాల మీద కూచుని చప్పిడి పప్పు తినేవాడు.”

ఇంకో రెండుసార్లు అడిగారు. తరవాత అడగడం మానేశారు. పళ్ళు కొట్టుకునే మాట మళ్ళీ రాలేదు. పిల్లలు పొద్దున్నే బుగ్గలు ఎర్రగా, హుషారుగా లేచేవాళ్ళు. అలవాటు పడితే చలి కూడా తగ్గుతుందన్నమాట అనుకున్నాను. పక్క దుకాణం దొరబాబుకు ఈ సంగతి గొప్పగా చెప్పాను కూడా. “ఇంట్లో వాళ్ళని మనమే మెత్తగా చేస్తాం దొరబాబూ. పెట్టకపోతే వాళ్ళే గట్టిపడతారు” అన్నాను. అతను తల ఊపాడు. ఆ సాయంత్రం వాళ్ళింట్లో కూడా దీపం తొందరగా ఆరిపోయింది.

నాకు మాత్రం స్థిమితం లేదు. రోజూ లేస్తూనే కాలవ గట్టుకు వెళ్ళి, వేలు తడిపి గాలికి పెట్టేవాణ్ణి. ఉత్తరం వైపు వేలు చల్లబడితే అణా లాభం వచ్చినట్టుండేది. మంచు దట్టంగా పట్టి అవతలి గట్టు కనిపించకపోతే ఆ పూట చద్దన్నం కూడా రుచిగా ఉండేది. పుష్యం వచ్చింది. గుమాస్తా మళ్ళీ వచ్చి రెండూ పావు అన్నాడు. నేను ఇంకో పావలా కోసం ఆగాను. అతను వెళ్ళిన మర్నాడు గాలి కాస్త తగ్గింది. ఆ రోజంతా తూకంలో రెండుసార్లు తప్పు చేశాను, ఒకసారి నాకే నష్టంగా.

నాలుగు రోజులు పోయాక గుమాస్తా పడవవాడి చేత కబురు పంపాడు. రెండున్నరే ఇస్తాం, సరుకు వెంటనే కళ్ళానికి చేర్చమని. వేలు తడిపి చూశాను. చలి దక్షిణం వైపు తగిలింది. ఆ గాలి నిలబడితే వారంలో ఎవరూ గొంగళి మొహం చూడరు. వేసవిలో పురుగు కొడుతుంది. ఆ రోజే ఎక్కించెయ్యాలి.

పొద్దున్నే నిచ్చెన వేసుకుని నేనే అటక ఎక్కాను. కింద నుంచి వెంకటరత్నమ్మ, “నేను దింపుతానండీ, మీకు బూజు అంటుకుంటుంది” అంది. ఆవిడ గొంతులో తొందర నేను పట్టించుకోలేదు. పై గొంగళి మడత విప్పాను. లోపల వేపాకు.

పురుగు పట్టకుండా కార్తీకంలో ప్రతి మడతలోనూ వేపాకు పెట్టింది నేనే. రెండు నెలల వేపాకు ఎండి పొడి కావాలి. ఇది పచ్చగా ఉంది.

రెండోది విప్పాను. పచ్చగానే ఉంది. ఇంకాస్త కిందిదానిలో ఆకు వాడింది గానీ ఎండలేదు. మడతలు పలకలా లేవు, పట్టుకుంటే వేళ్ళకు లొంగుతున్నాయి. పైన ఎవరో గంజి చిలకరించి ఆరబెట్టినట్టు అక్కడక్కడా బిరుసు. వాసన చూశాను. పుల్లటి అన్నం గంజి. మెట్టవాళ్ళు వాడేది చింతగింజలు. అన్నం గంజి మాది.

“రత్నం!”

ఆవిడ నిచ్చెన పట్టుకుని నిలబడే ఉంది. మా అమ్మ కుంపటి పక్కనుంచి కదల్లేదు.

“ఎన్ని కప్పుకున్నారు?”

“అన్నీ అండి.”

“అన్నీనా! నలుగురికి ముప్ఫై ఒకటి ఎందుకే? నాలుగు తీసుకుని ఆ నాలుగే వాడుకుంటే నాలుగే పోయేవి కదా!”

“నాలుగే వాడితే ఆ నాలుగూ నలిగిపోయి మీకు తెలిసిపోతుందని, రోజుకో నాలుగు మార్చానండి. తెల్లారగానే మడత పెట్టేసి, గంజి చల్లి, ఆకు మార్చి, పైన పెట్టేసి, రాత్రికి అడుగువి తీసేదాన్ని. ఏదీ నలగలేదు చూడండి. తలా కొంచెం.”

“తలా కొంచెమే! అందుకే ఒక్కటి కూడా కొత్తది మిగల్లేదు!”

“మీరే కదండీ,” అంది వెంకటరత్నమ్మ, ఈసారి తల ఎత్తి. “పాత చింతపండు ఒక్కచోటే ఉంటే మిగిలిపోతుంది, కొత్తదాంట్లో తలా కొంచెం కలిపేస్తే ఎవరికీ తెలీదు అని మొన్న సంతరోజున మీరే చెప్పారు.”

నేను నిచ్చెన మీదే ఉండిపోయాను. మా అమ్మ ఊక ఎగదోస్తూ అంది. “గంజి నాదిరా చినబాబూ. దాన్ని అనకు. చింతగింజలు వేయిస్తే నీకు వాసన తెలుస్తుందని అన్నం గంజి వాడాం. అందులో కూడా పొదుపే.”

అరిచి లాభం లేదు. అరిస్తే పొద్దెక్కుతుంది, పడవ వెళ్ళిపోతుంది. ఉన్నవాటిలో బిరుసుగా ఉన్నవి ఏరి పైన పెట్టాను. మెత్తబడినవి అడుక్కి. అడుగున ఉన్నవి పాలేర్లు చీకట్లో పంచుకుంటారు, పైనవి రాజుగారు వెలుగులో చూస్తారు. గంజి వాసన పోవడానికి మూటను గట్టు మీద ఎండలో పెట్టి, పడవ ఎక్కేదాకా దాని చుట్టూ తిరిగాను.

పడవ సరంగు సత్తిరాజు, “ఏంటండీ శెట్టిగారూ, మూటలో పిల్లి ఉందా, అలా తిరుగుతున్నారు?” అన్నాడు.

“నీ పని చూడు.”

కాలవ మీద దారంతా కూర్చోలేదు. కూర్చుంటే లేచి నిలబడాలనిపించింది, నిలబడితే మూట దగ్గరికి వెళ్ళాలనిపించింది. దక్షిణపు గాలి మొహానికి వెచ్చగా కొడుతోంది. దారిలో సమాధానాలు తయారు చేసుకున్నాను. పొగ తగిలితే మెత్తబడతాయి. పడవలో తేమకు మెత్తబడతాయి. ఈ ఏడు ఉన్నే మెత్తన. మూడోది బాగుందనిపించింది. అబద్ధంలో కూడా సరుకును మెచ్చుకున్నట్టుంటుంది.

కళ్ళంలో కుప్పల మధ్య రాజుగారు నులకమంచం మీద కూర్చున్నారు. పాలేర్లు వరసగా నిలబడ్డారు. పొద్దింకా వాలలేదు, అందరి మొహాలూ కనిపిస్తున్నాయి. పెళ్ళికి వచ్చినట్టు కొందరు తల దువ్వుకుని వచ్చారు. నేను మూట విప్పాను. పైది బాగానే నిలబడింది. రాజుగారు ఆ నల్లదనం చూసి తృప్తిగా మీసం దువ్వుకున్నారు.

“మొదటిది ముసలయ్యకి నేనే కప్పాలి,” అన్నారు. ముసలయ్య అందరికంటే పెద్ద పాలేరు. రాజుగారి నాన్నగారి కాలం నుంచి ఉన్నవాడు. నేను పైదాన్ని అందించబోయాను. రాజుగారు చెయ్యి అడ్డం పెట్టారు. “పైది ఎండ తిని ఉంటుంది శెట్టిగారూ. మధ్యలోంచి తియ్యండి. ముసలయ్యకి మంచిది పడాలి.”

మధ్యలోంచి తీశాను. ఇంకేం చెయ్యను? రాజుగారు లేచి, రెండు అంచులూ పట్టుకుని, గట్టిగా ఒక్క దులుపు దులిపారు.

వేపాకు రాలింది. దాంతోపాటు ఇంకొకటి టప్‌మని ముసలయ్య కాళ్ళ దగ్గర పడింది. సగం నమిలి, పీచు తేలి, పంటి గాట్లున్న తేగ ముక్క.

ముసలయ్య వంగి దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“శెట్టిగారండీ,” అన్నాడు మెల్లిగా, “మెట్టలో గొర్రెలు తేగలు కూడా తింటన్నాయాండీ?”

వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. రాజుగారు నవ్వలేదు. గొంగళి అంచు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశారు. నా వైపు చూశారు.

“ఏంటండీ ఇది?”

మూడు సమాధానాలూ నోటిదాకా వచ్చాయి. తేగ ముక్క ఒకదానికీ సరిపోలేదు. ఆ క్షణంలో లెక్క వేసుకున్నాను. అబద్ధం చెబితే ఒక్కొక్కటీ విప్పిస్తారు. ముప్ఫై ఒక్కింటిలోనూ పచ్చాకు ఉంది. నిజం చెబితే గొంగళ్ళు పోతాయి. అబద్ధం చెబితే గొంగళ్ళూ, బెల్లం, చింతపండు, నూనె, అన్నీ పోతాయి.

“మా ఇంట్లో వాళ్ళు కప్పుకున్నారండి,” అన్నాను. “నేను దుకాణంలో పడుకుంటాను, నాకు తెలియదు. ఇవాళ పొద్దున్నే తెలిసింది. తెలిసే తెచ్చాను.”

“తెలిసే తెచ్చారు!” రాజుగారి గొంతు పెద్దదైంది. “మా ఇంట్లో పాలేరుకి కప్పి విడిచిన గుడ్డ ఎప్పుడైనా పెట్టామా? మా నాన్నగారు అప్పు చేసి కొత్తవి పెట్టారు. రేపు ఊళ్ళో ఏమనుకుంటారు? కోమటి పిల్లలు కప్పుకున్నవి వెంకటరాజు పంచాడనరూ?”

“తీసుకుపోతానండి.”

“తీసుకుపోతే రాత్రికి వీళ్ళు ఏం కప్పుకుంటారు?”

ఇద్దరమూ ముసలయ్య వైపు చూశాం, అతనేదో తీర్పు చెప్పేవాడిలా.

ముసలయ్య గొంగళి భుజాన వేసుకుని చూసుకున్నాడు. “చలి ఆగుద్దండి. అందులో దోషం లేదు. కానండి, ఏడాదంతా పన్జేసేది ఈ ఒక్క రోజు కొత్తది ఒంటిమీద పడుద్దనేనండి. ఆయ్. పాతది మా ఇంట్లోనూ ఉంది, రాజుగారూ.”

“అయితే ఏం చెయ్యమంటావు?”

“కొత్తది ఏదో ఒకటి పడాలండి. శెట్టిగారు మడిసికో తలగుడ్డ పెట్టమనండి. కొత్తది, మడత ఇప్పనిది. గొంగళితోపాటు అది కూడా మీ చేత్తోనే ఇవ్వండి. కొత్తది పెట్టినట్టే అవుద్ది, మీ మాటా ఉంటది.”

“మంచి తలగుడ్డ ఎంతుంటుంది శెట్టిగారూ?” అన్నారు రాజుగారు.

“ఎనిమిది అణాలండి,” అన్నాను. నోట్లోంచి వచ్చాక గానీ ఆ అంకె నాకు వినిపించలేదు. ఎనిమిది అణాలు. కార్తీకం నుంచి పుష్యం దాకా వేలు తడుపుకుని, చద్దన్నం తిని, దీపం ఆర్పుకుని ఒక్కో గొంగళి మీద నేను సంపాదించింది సరిగ్గా అంతే. తక్కువ చెప్పి ఉండొచ్చు. అప్పటికి ఆలస్యమైంది.

“రేపు పొద్దున్న పడవకి రావాలి,” అన్నారు రాజుగారు. “ఇంకొకటి. వచ్చే ఏడు కార్తీకంలో మా గుమాస్తా అడిగినప్పుడు ఇచ్చెయ్యండి. మీ అటక మీద సరుకు ముదిరేదాకా ఆగం.”

వచ్చే ఏడు అన్నారు. ఆ మాట విన్నాక గొంగళ్ళు ఒక్కొక్కటీ తీసి అందించాను.

ముప్ఫై గొంగళ్ళూ పంచారు. ముసలయ్యకు ఇంకోటి కప్పారు. తేగ రాలినదాన్ని అతను నాకు తిరిగి ఇచ్చాడు. “ఇది మాత్రం పట్టుకెళ్ళండి. ఇది మీ పిల్లోడిది,” అంటూ తేగ ముక్క కూడా మడతలో పెట్టాడు. ఈసారి రాజుగారు కూడా నవ్వారు.

తిరుగు పడవలో ఆ గొంగళిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సూర్యుడు దిగుతున్నకొద్దీ గాలి మారింది. నీళ్ళ మీద పొగలా మంచు లేచింది. ఉత్తరం గాలి మళ్ళీ తిరిగింది. ఇంకో వారం చలి ఉంటుంది. ఇంకో వారం ఆగి ఉంటే అని ఒక లెక్క మొదలైంది. సగంలో ఆపేశాను. ఆగి ఉంటే అటక మీద గంజి వాసన ఇంకో వారం ముదిరేది, అంతే.

“కప్పుకోండి శెట్టిగారూ, ఒళ్ళో ఎందుకు?” అన్నాడు సత్తిరాజు.

“కప్పుకుంటే ధర పడిపోతుంది.” అలవాటుగా అనేశాను.

“దానికింకా ధరేంటండీ?”

నిజమే. అది తరుగు కింద కొన్నది. తరుగు కిందే పోయింది. లెక్కలో దాని విలువ సున్న. సున్న ఇంకా తగ్గదు. విప్పి కప్పుకున్నాను.

ఇరవై ఏళ్ళుగా గొంగళ్ళు అమ్ముతున్నాను. ‘ఒంటికి వెన్నలా ఉంటుందండీ’ అని ఎంతమందితో చెప్పానో. కప్పుకోవడం అదే మొదటిసారి. మెడ దగ్గర ముళ్ళు ముళ్ళుగా గీరింది. కాసేపటికి భుజాలు వెచ్చబడ్డాయి. ఆ వెచ్చదనంలోంచి వాసన లేచింది. పుల్లటి గంజి, ఊక పొగ, మా అమ్మ తలకు రాసుకునే ఆముదం. నేను లేకుండా వాళ్ళు వెచ్చగా ఉన్న రాత్రుల వాసన అది. లాకులు వచ్చేదాకా నేను లేచి నిలబడలేదు.

ఇంటికి వచ్చేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. ఎదురుచూస్తూ వెలిగించారు. వెంకటరత్నమ్మ గడపలోనే, “ఏమన్నారండీ?” అంది.

“వాడిక పోలేదు. లాభం పోయింది. దుకాణంలోంచి ముప్ఫై తలగుడ్డలు తియ్యాలి, తెల్లారేసరికి పడవకి ఎక్కించాలి. సరిగ్గా సమానం. కార్తీకంలో ఇచ్చేసినట్టే అయింది.”

“అయితే అప్పుడే ఇచ్చేస్తే...” అని ఆగిపోయింది.

“అప్పుడే ఇచ్చేస్తే మీరు ఈ రెండు నెలలూ గజగజలాడేవాళ్ళు,” అన్నాను. లెక్కలో ఆ ఒక్కటే మిగులుగా కనిపించింది. అది ఎవరికి చెందుతుందో తేలలేదు.

గొంగళి అమ్మ ఒళ్ళో వేశాను. అమ్మ అంచు తడిమి చూసింది.

“ఇది ఏ ఖాతాలో రాశావు ముందు చెప్పు. మళ్ళీ పొద్దున్నే అటకెక్కించేట్టయితే నాకొద్దు.”

“తరుగు.”

“ఎంత తరుగు?”

“పూర్తిగా.”

అమ్మ నవ్వి, చిన్నవాణ్ణి పిలిచి లోపలికి లాక్కుంది. వాడికి మడతలో తేగ ముక్క దొరికింది. “నాదే!” అని నోట్లో పెట్టుకోబోతే వెంకటరత్నమ్మ చెయ్యి మీద ఒక్కటి వేసింది. పిల్ల నా వైపు చూస్తోంది. వెంకటరత్నమ్మ చూడటం లేదు. ఒక్క గొంగళి, దాని కింద ఇద్దరే పడతారు. బొంతలు రెండు. మిగిలింది ముగ్గురం. ఇప్పుడు నేను బస్తాల మధ్య పడుకోకపోయినా ఆ లెక్క సరిపోతుంది.

ఆ రాత్రి ఎక్కడ పడుకున్నానో చెప్పడానికి ఇది చోటు కాదు. పొద్దున్నే తలగుడ్డల కట్ట పడవకి ఎక్కించి, అలవాటు ప్రకారం గట్టు మీద నిలబడి వేలు తడిపి గాలికి పెట్టాను. ఉత్తరం వైపు గట్టిగా చల్లబడింది. అటక ఖాళీ. పెరగడానికి ధరంటూ లేదు. అయినా వేలు దించలేదు. చలి నిలబడాలని కోరుకోవాలా, పోవాలని కోరుకోవాలా అని అక్కడే నిలబడి ఆలోచించాను. ఇన్నేళ్ళలో ఆ రెండింటిలో ఏది నాకు లాభమో తెలియకపోవడం అదే మొదటిసారి. వేలు ఆరిపోయింది. మళ్ళీ తడిపాను.